చంద్రిక పలికిన సాయంత్రాలు

"చంద్రికా..."

శివరామకృష్ణ గారు వెనక గది గుమ్మంలో నిలబడి పిలిచారు. గట్టిగా కాదు. పక్క గదిలో చదువుకుంటున్న పిల్లని కాఫీకి పిలిచినట్టు పిలిచారు. పిలిచి, తల కాస్త వంచి, చెవి గది వైపు పెట్టి ఆగారు.

గదిలో ఎవరూ లేరు. ఒక నవారు మంచం, గోడకి చుట్టి నిలబెట్టిన చాప, మేకుకి ఒక ఖాళీ హ్యాంగరు. అంతే. కింద గోడౌన్లో ఉల్లిపాయల బస్తాలు దించుతున్నారు. ఆ చప్పుడు మెట్ల మీంచి పైకి వస్తోంది. హార్బరు వైపు ఓడ ఒకటి కూత పెట్టి ఆగిపోయింది.

నేను ముందు గదిలో బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి కూర్చున్నాను. అది పదిహేడో రోజు. పదిహేడు రోజులుగా నేను ఆ పుస్తకంలో తారీఖు తప్ప ఇంకేమీ రాయలేదు.

"పలకలేదమ్మాయ్," అన్నారాయన వచ్చి కుర్చీలో కూర్చుంటూ. "ఇవాళ కూడా పలకలేదు. నువ్వింటికి వెళ్ళు."

ఆయన కుడిచెయ్యి ఒళ్ళో వణుకుతోంది. ఎడంచేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నారు, ఎగిరిపోయే పిట్టని పట్టుకున్నట్టు.

నా పేరు శ్రీసత్య. మాది గాజువాక. ఇంటర్ రెండో ఏడు తప్పాను, మళ్ళీ కట్టలేదు. మా వీధిలో పాత పేపర్లు కొనే కొట్టు ఒకటుంది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ కొట్లో నాకు అట్టలు ఊడిపోయిన నవలల కట్ట ఒకటి దొరికింది. అన్నీ శివరామకృష్ణ గారు రాసినవే. అన్నీ దెయ్యాల నవలలే. ఆయన పోర్టులో గుమాస్తాగా చేస్తూ అవన్నీ రాశారని వెనక పేజీలో ఉండేది. దుప్పటి ముసుగేసుకుని ఫోన్ లైటు పెట్టుకుని చదివేదాన్ని. అందరూ భయపడడానికి చదువుతారేమో. నేను మాత్రం అందుకు చదవలేదు. ఆ నవలల్లో అమ్మాయిలు చచ్చిపోయాక కూడా ప్రేమిస్తారు. బతికున్నవాళ్ళలో నేనలాంటి ప్రేమ చూడలేదు.

అందుకే వన్ టౌన్‌లో ఆయన ఇంటి కింద వాటాలో ఉండే సూర్యకాంతమ్మ పిన్ని మా అమ్మకి ఫోన్ చేసి, పెద్దాయనకి చెయ్యి ఆడట్లేదట, చెప్తే రాసిపెట్టే పిల్ల కావాలట అనగానే, అమ్మ అవునో కాదో అనకముందే నేను తల దువ్వుకున్నాను. ఫోన్లో కథలు వినిపించే కంపెనీ వాళ్ళెవరో ఆయన్ని ముప్ఫై భాగాల కథ అడిగారట. ఆయన కలం పట్టి పదేళ్ళయింది. ఇది ఆఖరిదని ఒప్పుకున్నారట.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళేదాన్ని. మరీ పొద్దుపోకముందే గాజువాక బస్సెక్కేదాన్ని. మొదటివారం ఆయన కథ చెప్పలేదు, కథ ఎలా రాస్తారో చెప్పారు. అల్మారాలో హార్లిక్స్ సీసాలు వరసగా పెట్టుకున్నారు. ఒకదాంట్లో బొగ్గుపొడి, ఒకదాంట్లో ఇనప తుప్పు, ఒకదాంట్లో ఎండుచేప తోకలు, ఒకదాంట్లో సగం కాలిన జనపతాడు. నన్ను కళ్ళు మూసుకోమని ఒక్కో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టేవారు. దెయ్యం కనపడేముందు వాసన రావాలని చెప్పారు. కంటికి అబద్ధం చెప్పొచ్చు, ముక్కుకి చెప్పలేమన్నారు. పోర్టులో క్రేను కింద పడిపోయిన మనిషి గురించి రాసినప్పుడు ఆయన మూడు నెలలు తుప్పు సీసా వాసన చూసి గానీ కలం పట్టలేదట. ఇంకా ఏవేవో ఉండేవి. రాసే ముందు తడి అటుకులు తప్ప ఏమీ తినకూడదు. ఫ్యాను వేయకూడదు. ఫ్యాను చప్పుడుంటే మిగతా చప్పుళ్ళు వినపడవట.

వీటన్నిటికంటే పెద్ద అలవాటు పేరు. దెయ్యానికి ఉత్తుత్తి పేరు పెట్టకూడదు. నిజంగా పోయిన మనిషి పేరే పెట్టాలి. పెట్టి, దీపాలు పెట్టే వేళకి ఆ పేరు పిలవాలి. అది పలికేదాకా ఒక్క ముక్క కూడా రాయకూడదు.

ఎవరు పలుకుతారండీ అని అడిగాను. నవ్వి, కథ పలుకుతుంది అన్నారు. లోపల ఎక్కడో 'ఆఁ' అన్నట్టు అవుతుందట. అప్పుడు రాస్తే ఆగదట.

నాకు ఒళ్ళు పులకరించింది. నవల లోపలికి వచ్చేశాననిపించింది.

కానీ చంద్రిక పలకలేదు. పదో రోజుకి ఆయన అటుకులు కూడా మానేశారు. సూర్యకాంతమ్మ పిన్ని పొద్దున్న తెచ్చిన ఇడ్లీలు సాయంత్రానికి అలాగే ఎండిపోయి ఉండేవి. ఆవిడ గిన్నె తీసుకుపోతూ నాతో అనేది:

"ఏటే పిల్లా, ఇయ్యాలైనా పలికిందా మీ దెయ్యం? పలికితే నాకు సెప్పు. దానిక్కూడా రెండిడ్లీలు అట్టుకొత్తాను. ఇద్దరూ కూకుని తింతారు."

నేను నవ్వేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు. మెట్లు దిగుతూ, ఈ ముసలాయన ఇలా వారం ఉంటే మంచం ఎక్కుతాడు, పైవారం పాడె ఎక్కుతాడు అని గొణుక్కునేది.

పదిహేడో రోజు బస్సులో కూర్చుని ఆ మాటే ఆలోచించాను. రేపు కూడా పలక్కపోతే పుస్తకం మూసేస్తానని ఆయన నాతో అన్నారు. మూసేస్తే కథ లేదు. కథ లేకపోతే ఆయన తినరు. ఇక నేను మళ్ళీ మా వీధిలో, మా గుమ్మంలో, వచ్చేపోయే ఆటోలు చూస్తూ కూర్చోవాలి. ఏది ఎక్కువ బాధేసిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ఆయన్ని చూసి జాలేసిందని అందరికీ చెప్పాను. అది సగమే నిజం.

పద్దెనిమిదో రోజు ఆయన గుమ్మం వైపు నడుస్తుండగా నేను లేచాను. వంటగదిలోంచి వెళ్తే వెనక వరండా వస్తుంది. అక్కడ కుళాయి. అక్కడే వెనక గది కిటికీ, ఒక రెక్క సగం విరిగి ఉంటుంది. కుళాయి కింద నేలంతా తడి. చెప్పులు విప్పేసి, వట్టికాళ్ళతో కిటికీ పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాను. పోర్టు ఎర్రదుమ్ము గోడకంతా పట్టి ఉంది. ఎరువు ఓడ వచ్చినట్టుంది, గాలి ఘాటుగా ఉంది.

"చంద్రికా..."

కళ్ళు మూసుకున్నాను.

"ఆఁ," అన్నాను.

చాలా చిన్నగా అన్నాను. నాకే వినపడనంత చిన్నగా. లోపల ఆయన ఊపిరి ఆగినట్టయింది. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. నేను కొంగుతో కాళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. ఆయన నా వైపు చూడలేదు. చెప్పడం మొదలుపెట్టారు. పదకొండు పేజీలు. ఎక్కడా ఆగలేదు, ఒక్క మాట కొట్టేయమనలేదు. బొగ్గు యార్డు పక్కన అద్దెకి దిగిన ఒక అమ్మాయి, ఆమె గదిలో సాయంత్రం పూట వచ్చే తడిగుడ్డ వాసన... రాస్తుంటే నా వేళ్ళు నావి కావనిపించింది.

ఆ రోజు ఆయన రెండు ఇడ్లీలు తిన్నారు.

బస్సులో వస్తుంటే పెదాలు మొద్దుబారినట్టున్నాయి. పన్ను పీకేముందు ఇంజక్షన్ ఇస్తారే, అలా. గాజువాకలో దిగేసరికి తగ్గిపోయింది.

మర్నాడు మెట్లెక్కుతుంటే పిన్ని నన్ను కింద ఆపింది. ఇడ్లీ గిన్నె ఖాళీ అయినందుకు సంబరంగా ఉంది. ఏ పేరుతో రాస్తున్నాడే అని అడిగింది. చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

చంద్రిక ఆయన కూతురట. తల్లి చిన్నప్పుడే పోతే ఈయనే పెంచారట. గుండెలో కవాటం బాగోలేని పిల్ల. పదేళ్ళ కిందట ఒక సాయంత్రం, ఇరవై రెండేళ్ళప్పుడు, ఆ వెనక గదిలో నవారు మంచం మీద పోయిందట. ఈయన ముందు గదిలో రాసుకుంటున్నారట. ఎనిమిదింటికి అన్నానికి లేపడానికి వెళ్ళి చూశారట.

"నిద్దర్లోనే పోయిందట తల్లి. పిలవనైనా లేదట," అంది పిన్ని. "అందరితోనూ అదే సెప్పేవోడు. పిలవలేదండీ, పిలిస్తే ఎళ్ళనా అని. ఎవులడిగినా అడక్కపోయినా అదే మాట. ఈ పేర్లు పిలిసే పిచ్చి కూడా అప్పట్నించే. ముందెప్పుడూ నేదు."

పైకి వెళ్ళాను. మెట్ల మీదే చెప్పేద్దామనుకున్నాను. నిజం చెప్తున్నాను, అనుకున్నాను. కానీ ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. చెయ్యి వణకడం లేదు. వేళ అయింది. ఆయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్తుంటే నా కాళ్ళు వంటగది వైపు నడిచాయి.

"చంద్రికా..."

"ఆఁ."

"తిన్నావా అమ్మా?"

ఇది నేను అనుకోలేదు. గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాను. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. లోపల ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూడడం కిటికీ రెక్కలోంచి నా మెడకి తగులుతోంది.

"ఆఁ," అన్నాను మళ్ళీ.

అలా రోజూ. నేను 'ఆఁ' తప్ప ఇంకో మాట అనలేదు. ఆయన అడిగేవారు, నేను ఆఁ అనేదాన్ని, వచ్చి కూర్చుని రాసేదాన్ని. ఒకరోజు ఏడు పేజీలు, ఒకరోజు తొమ్మిది. కథ నడుస్తోంది. ఆయన రెండుపూటలా తింటున్నారు. రోజూ మెట్లెక్కుతూ ఇవాళ చెప్పేయాలి అనుకునేదాన్ని. చెప్తే, కూతురు ఇంకోసారి పోతుంది. ఈసారి ఆయన కూడా దాంతోపాటే పోతారు. ఆ మాట అనుకోగానే నోరు మూతపడేది.

మొద్దుబారడం మాత్రం తగ్గలేదు. మొదట పెదాలు, తర్వాత నాలుక, తర్వాత వేళ్ళ చివరలు. వేడి చారు నోట్లో పోసుకుంటే వేడి తెలిసేది కాదు. భయం వేయాలి కదా. వేయలేదు. దూదిలో పెట్టి ఎవరో నన్ను చుట్టేసినట్టు హాయిగానే ఉండేది. నవలల్లో హీరోయిన్లకి ఇలాగే మొదలవుతుందని కూడా అనుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వు కూడా సరిగ్గా రాలేదు.

ఇంట్లో అమ్మ అరవడం మొదలుపెట్టింది. మా అమ్మ రోజారమణి మామూలుగానే గట్టిగా మాట్లాడుతుంది. ఒకరోజు భుజం పట్టుకుని ఊపేసింది.

"ఎన్నిసార్లు పిలవాలే నిన్ను? సత్యా సత్యా అని గొంతు పోతంది. సెవుల్లో సీసం పోసుకున్నావేటి?"

"నువ్వెప్పుడు పిలిసినావు?" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. ఉప్పు మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే చిటపటలాడాయి గానీ, ఘాటు నాకు తెలియలేదు. అమ్మ మాత్రం దగ్గింది.

పన్నెండో రోజు. అంటే చంద్రిక పలకడం మొదలుపెట్టాక పన్నెండో రోజు. పొద్దుటి నుంచి ముసురు. వన్ టౌన్ సందుల్లో నీళ్ళు. ఉల్లిపాయల బస్తాలు తడిసి కుళ్ళు వాసన కొడుతోంది. నేను వెళ్ళేసరికి ఆయన భూతద్దం పట్టుకుని నోటుపుస్తకం చదువుకుంటున్నారు. రోజూ నేను వెళ్ళాక, పడుకునే ముందు ఆ రోజు రాసింది చదువుకుంటారట. నిన్నటిది మిగిలిందన్నారు. కాఫీ కలిపి ఇచ్చాను. గ్లాసు అందుకుంటూ, మామూలుగా, వాన గురించి మాట్లాడినట్టు అన్నారు:

"మీ అమ్మ పిలిస్తే పలకాలమ్మా. తల్లి మనసు కదా."

నేను గ్లాసు ఇంకా వదల్లేదు.

"మీకెవరు సెప్పారండి?"

"నువ్వే రాశావుగా," అన్నారు.

పుస్తకం నా వైపు తిప్పారు. నా అక్షరాలే. నా 'త్య' ఒక్కటే కాస్త పక్కకి వాలుతుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను. పేజీ పైన, ఆయన చెప్పిన కథ మొదలవకముందు, నాలుగు వరసలు ఉన్నాయి.

*చంద్రికా.*

*వస్తన్నా.*

*తిన్నావా అమ్మా?*

*లేదు నాన్నా. సత్య తినలేదు, నేనూ తినలేదు.*

పేజీలు వెనక్కి తిప్పాను. వేళ్ళకి కాగితం తెలియడం లేదు. ముందురోజుది. దాని ముందుది. ప్రతిరోజూ పైన ఉన్నాయి. కొన్నిచోట్ల రెండు వరసలు, కొన్నిచోట్ల పది. *ఇక్కడ తడిగా ఉంది నాన్నా. సత్య కాళ్ళు బాగున్నాయి, వెచ్చగా ఉన్నాయి.* ఇంకోచోట... *సత్య వాళ్ళమ్మ పిలుస్తోంది. పలకద్దని చెప్పాను.*

నేను రాయలేదు. రాసినట్టు గుర్తు లేదు. ఇంక్ నాదే, చెయ్యి నాదే.

అప్పుడు చెప్పేశాను. ఏడుపు రాలేదు. ఎవరి గురించో చెప్తున్నట్టు, నిలబడే చెప్పాను.

"గురువుగారూ, పలికింది సంద్రిక కాదండి. నానే. ఆ కిటికీ కాడ నిలబడి నానే పలికినాను. మీరు తిండి మానేసినారని... నాకు కథ కావాలని. ఈ రాతలు మాత్రం నావి కావండి. ఆఁ తప్ప నానేటీ అన్నేదు."

ఆయన కోప్పడతారనుకున్నాను. కూలిపోతారనుకున్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నారు.

"తెలుసమ్మా," అన్నారు.

మొదటిరోజే తెలుసట. చంద్రిక ఎప్పుడూ 'ఆఁ' అనదట, 'వస్తన్నా' అంటుందట, ఆ ఒక్క మాటా పిన్ని దగ్గర నేర్చుకుందట. నేను లేచి వంటగదిలోకి వెళ్ళడం చూశారట. తడికాళ్ళ ముద్రలు నేల మీద చూశారట. చూసి కూడా ఊరుకున్నారట. ఎవరో ఒకరు పలికితే చాలనిపించిందట. అబద్ధమని తెలిసినా అన్నం దిగిందట.

నా గుండెల మీంచి బరువు దిగాలి. అదే జరగాలి కదా. ఆయన చెప్పాల్సింది ఇంకా అయిపోయినట్టు లేదు. గొంతు తగ్గించారు.

"కానీ నువ్వా కిటికీ దగ్గరికి వెళ్ళింది నాలుగు రోజులేనమ్మా."

"కాదండి. రోజూ ఎళ్ళినాను. నిన్న కూడా..."

"ఐదో రోజు నుంచి నువ్వా కుర్చీలోంచి లేవలేదు." ఆయన చూపుడువేలు నా కుర్చీ వైపు లేచింది. "నేను అక్కడ నిలబడి పిలిచేవాణ్ణి. అది లోపల్నించి పలికేది. నువ్విక్కడ తల వంచుకుని రాసుకుంటూ ఉండేదానివి. నీకు కూడా వినపడుతోందనుకున్నాను. అందుకే నిన్ను కదిలించలేదు."

నేను నా కాళ్ళు చూసుకున్నాను. నిన్న కుళాయి నీళ్ళు పాదాల మీద పడడం గుర్తుంది. గోడ చల్లదనం వీపుకి గుర్తుంది. విరిగిన కిటికీ రెక్క. ఎర్రదుమ్ము. అన్నీ గుర్తున్నాయి. ఈ కుర్చీ మాత్రం గుర్తు లేదు.

వాన పెద్దదైంది. కింద గోడౌను షట్టరు దించేశారు. వీధి దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. గదిలో వెలుతురు మెల్లగా బూడిదరంగుకి తిరిగింది. పిలిచే వేళ అది.

"ఇయ్యాల పిలవకండి," అన్నాను.

"పిలవను," అన్నారాయన.

ఇద్దరం కూర్చున్నాం. ఆయన తన కుర్చీలో, నేను నా కుర్చీలో. ఎవరూ లైటు వేయలేదు. బయటికి పోవాలంటే వెనక గది గుమ్మం ముందు నుంచి వెళ్ళాలి. తలుపు తీసే ఉంది. లోపల మంచం అంచు కనబడుతోంది. అంతకంటే ఏమీ కనబడదు.

చాలాసేపు వాన చప్పుడే. తర్వాత అది కూడా దూరమైంది. నా చెవుల్లో దూది కుక్కినట్టు. వాసన ఒకటి వచ్చింది. సీసాల్లోది కాదు. బొగ్గు కాదు, తుప్పు కాదు, చేప కాదు. జ్వరం మనిషి తలగడ వాసన... తలకి రాసిన నూనె, చెమట, మాత్రలు.

ఆయనకీ వచ్చిందని తెలుస్తోంది. ముక్కుపుటాలు కదిలాయి. కుడిచెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. ఈసారి దాన్ని పట్టుకోలేదు.

ఇవాళ ఆయన పిలవలేదు. నేను పలకలేదు. ఇంక అయిపోయిందనుకున్నాను...

"నాన్నా..."

సన్నటి గొంతు. ఊపిరి అందనట్టు. వెనక గదిలోంచి అనుకున్నాను.

ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. లేచి పారిపోవాలని తెలుసు. కాళ్ళకి ఆ సంగతి తెలియలేదు. మోకాళ్ళ కింద ఏమీ లేనట్టుంది.

"నాన్నా..."

ఇంకాస్త దగ్గరగా. కిటికీ అవతల వరండాలోంచి వచ్చిందా. లేదు... ఈ గదిలోనే. బల్లకి ఇటువైపే.

ఎవరండీ అని ఆయన్ని అడగబోయాను. పెదాలు ఎక్కడున్నాయో తెలియలేదు.

ఆయన గుమ్మం వైపు చూడడం లేదు. మంచం వైపు చూడడం లేదు. నా మొహం వంకే చూస్తున్నారు. రెప్ప వేయడం లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీద ఆగాయి. నేనెవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు కాదు. గుర్తుపట్టేసినట్టు.

నా నోరు తెరిచి ఉందని అప్పుడు తెలిసింది.

"నాన్నా..."

ఆయన కుర్చీలోంచి జారి, నా ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. వణికే చెయ్యి నా పాదం మీద పెట్టారు. ఆ చెయ్యి నాకు తెలియలేదు. మాట మాత్రం వినపడింది. పదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆయన గొంతులోంచి ఒక్కొక్క ముక్కే వచ్చింది.

"విన్నానమ్మా," అన్నారు. "ఆ రోజు కూడా విన్నాను. నువ్వు మూడుసార్లు పిలిచావు, మూడుసార్లూ విన్నాను. రాసేది మధ్యలో ఉంది... అది అయ్యాక లేద్దామనుకున్నాను."